పలికెడి పైకము

తెలతెలవారుచుండగా రైతుబజారునకు వెళ్లి కూరలు తెచ్చుకొను అలవాటు నాకు చాలకాలముగా నున్నది. 1999లో ఈ బజారులు వెలసిన నాటినుండియు, పండించినవాడును వండుకొనువాడును ఎదురెదురుగా నిలిచి మాటాడుకొను ఆ బేరసారములనిన నాకు ప్రీతి. మంచు తడి ఆరని గోంగూర కట్టలు, వేళ్లకు మట్టి విడువని తోటకూర, గోనెపట్టాపై రాశిగా పోసిన లేత వంకాయలు, వీని నడుమ కూర్చుండి, తొలి బేరము కుదిరిన వెంటనే చేతికందిన నాణెమును కన్నుల కద్దుకొని, త్రాసునకు తాకించి, రొంటిన దోపిన సంచిలో వేసికొను స్త్రీలను చూచినప్పుడెల్ల నాకు ఒక చిన్న పూజను కన్నులార చూచిన భావము కలిగెడిది. బోణీ యనగా మనకు మొదటి అమ్మకము మాత్రమే కాదు. ఆ దినము ఎట్లు గడచునో ముందుగా తెలుపు శకునము.

ఇటీవల ఒకనాటి యుదయమున, నేను నిత్యము ఆకుకూరలు కొను పెద్దమ్మ యొద్ద తొలి బేరము నాదే అయినది. త్రాసు ప్రక్కన కొయ్యకు కట్టిన అట్టపై నల్లని గళ్ల ముద్ర యొకటి వ్రేలాడుచున్నది. నేను ఫోనును దానికెదురుగా పట్టి, ఇరువది రూపాయలని కొట్టి, రహస్యాంకెలు నొక్కితిని. మరుక్షణమున ఆమె మోకాలి చెంత నున్న అరచేతియంత పెట్టె, ఇరువది రూపాయలు వచ్చినవని తేట తెలుగున బిగ్గరగా పలికినది. ఆమె ఆ పెట్టెను వ్రేళ్లతో తాకి, ఆ వ్రేళ్లను కన్నుల కద్దుకొనెను.

“డబ్బు చేతిలో పడకుండానే బోణీ అయిపోయిందా పెద్దమ్మా?” అని నేనడిగితిని.

“అది పలికిందిగా బాబూ. పలికితే పడినట్టే.”

ఆ మాట కూరల సంచితోపాటు నా వెంట ఇంటికి వచ్చినది. ఇచ్చువాడు, పుచ్చుకొనువాడు అను ఇరువురు మాత్రమే ఉన్నచోట సొమ్ము వ్యవహారము నిలువదు. ఇచ్చినది నిజమే, పుచ్చుకొన్నది నిజమే అని చెప్పుటకు మూడవ సాక్షి యొకటి కావలెను. నాణెముపై నున్న రాజముద్ర అట్టి సాక్షి. కోమటి దుకాణములోని చిట్టా అట్టి సాక్షి. హుండీ యనగా ఈనాడు మనకు దేవాలయములోని కానుకల పెట్టె స్ఫురించును గాని, పూర్వము వర్తకుల పరిభాషలో అది, దూరదేశమున నున్న తన మనిషిని ఫలానా వానికి ఇంత సొమ్ము చెల్లింపుమని కోరుచు వ్రాసిన చీటీ. ఆ చీటీలోని చేవ్రాలే సాక్షి. డిజిటల్ సాంకేతికత మన నిత్యజీవితమున తెచ్చిన మార్పులు లెక్కకు మిక్కిలి గలవు. వానిలో మూలమైనది, నాకు తోచినంతవరకు, ఈ సాక్షి మారుటయే. మనుష్యుడు చెప్పవలసిన సాక్ష్యమును యంత్రము చెప్పుచున్నది. అది పలికినంతకాలము సుఖమే. పలుకనప్పుడేమగునో, ఎవరి విషయమున అది పలుకుటకు నిరాకరించునో, ఆ భారము ఎవరి నెత్తిన పడుచున్నదో విచారించుటకే నేనీ వ్యాసము వ్రాయుచున్నాను.

మా చిన్నాన్న ఖరగ్‌పూరు రైల్వే కార్ఖానాలో పని చేయుచు, ప్రతి నెలయు మా నాయనమ్మకు మనియార్డరు పంపెడివాడు. మన దేశమున 1880లో మొదలైన ఆ పద్ధతిలో సొమ్ముతోపాటు చిన్న కాగితపు ముక్కపై నాలుగు మాటలు వ్రాసి పంపు వీలు కూడ నుండెడిది. తపాలా జవాను సైకిలు దిగి, అరుగుపై కూర్చుండి, మంచినీళ్లు త్రాగి, నోట్లను ఒకటికి రెండుసార్లు లెక్కించి ఆమె చేతిలో పెట్టెడివాడు. పిమ్మట ఆమె “ఏం రాశాడు నాయనా?” అని అడుగగా, ఆ నాలుగు మాటలను తాపీగా చదివి వినిపించెడివాడు. చివరకు సిరాదిమ్మపై ఆమె బొటనవ్రేలిని అద్ది కాగితముపై ముద్ర వేయించి, ఎదురింటి మాస్టారు గారిచేత సాక్షి సంతకము పెట్టించెడివాడు. ఆ సిరా మరక ఒకటి రెండు దినములు ఆమె వ్రేలిని వదలెడిది కాదు. దానిని చూచి ఇరుగుపొరుగు వారు కొడుకు డబ్బు పంపినాడని తెలిసికొనెడివారు. సొమ్ము చేరుటకు వారము పట్టినను, దానివెంట ఒక మనుష్యుడు గడప దాకా వచ్చెడివాడు. ఆ పాత మనియార్డరు 2015లో నిలిచిపోయినది.

అది నిలిచిన మరుసటి సంవత్సరముననే దాని స్థానమును ఆక్రమింపగల పద్ధతి వెలువడుట కాకతాళీయమే గాని, దానికి వలసిన పునాదులు అంతకు ముందే పడియున్నవి. రిజర్వుబ్యాంకును, దేశములోని బ్యాంకుల సంఘమును కలిసి 2008లో ఎన్‌.పి.సి.ఐ. అను చెల్లింపుల సంస్థను నెలకొల్పినవి. 2010 నవంబరునుండి, సెలవుదినములతోను వేళాపాళలతోను నిమిత్తము లేక, ఒక బ్యాంకు ఖాతానుండి మరియొక దానికి తత్క్షణము సొమ్ము పంపు సౌకర్యమును ఆ సంస్థ కల్పించినది. దానిపై కట్టిన మేడయే 2016 ఏప్రిల్ 11న ప్రకటింపబడిన యు.పి.ఐ. ఆ యేడాది సెప్టెంబరులో మొబైల్ డేటా వెల అకస్మాత్తుగా నేలకు దిగినది; నవంబరు 8వ తేది రాత్రి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని ప్రభుత్వము ప్రకటించినది. ఏ.టి.ఎమ్‌.ల ముందు బారులు తీరి నిలిచిన జనులకు, చేతిలో నోటు లేకుండ సరకు కొనవచ్చునను మాట అంతకుముందు వింతగా తోచినను, ఆ చలికాలమున అవసరమై తోచినది.

దీని పని తీరును సామాన్యముగా చెప్పవలెనన్నచో, రూపాయి ఎక్కడికిని ప్రయాణము చేయదు. మనము పంపునది ఆదేశము మాత్రమే. నేను పెద్దమ్మ ముద్రను ఫోనుకు చూపినప్పుడు అందున్న ఆమె చిరునామా నా ఫోనుకు తెలిసినది. నేను నొక్కిన రహస్యాంకెలు గూఢలిపిగా మారి, ఎన్‌.పి.సి.ఐ. కూడలి మీదుగా నా బ్యాంకును చేరినవి. ఆ అంకెలు నావే యని పోల్చుకొని, నా పద్దులో ఇరువది రూపాయలను అది తగ్గించినది. కూడలి ఆ వార్తను ఆమె బ్యాంకునకు చేరవేయగా, అది ఆమె పద్దులో ఇరువదిని పెంచినది. ఆ పెంచిన కబురే ఆమె పెట్టెలో మాటగా పలికినది. బ్యాంకులు తమలో తాము ఇచ్చిపుచ్చుకొనవలసిన శేషమును దినమునకు పలుమార్లు రిజర్వుబ్యాంకులోని పద్దుల ద్వారా తీర్చుకొనుచుండును. ఇదంతయు, గోంగూర కట్టను సంచిలో వేసికొను వ్యవధిలో ముగియుచున్నది.

ఆ నల్లని గళ్ల ముద్రను గూర్చి కొంత చెప్పకుండ ముందుకు సాగలేను. మనవారు వ్యవహారములో దానినే “స్కానర్” అనుచున్నారు. 1994లో జపాను దేశమున, మోటారు కార్ల విడిభాగములను చేయు సంస్థకు చెందిన డెన్సో వేవ్‌లో, మసాహిరో హరా అను ఇంజనీరు, ఏ భాగము ఏ పెట్టెలో నున్నదో త్వరగా గుర్తించుటకై దీనిని కల్పించెను. నలుపు తెలుపు రాళ్లతో గళ్లపలకపై ఆడు ‘గో’ అను ఆట నుండి ఆయనకు ఆ యూహ కలిగినదట. ముద్రకు మూడు మూలలందును పెద్ద చదరములుండుటకు కారణము కలదు. యంత్రపు కన్ను ముద్రను ఏ దిక్కునుండి చూచినను, తలక్రిందుగా చూచినను, ఆ మూడింటిని పట్టి దిశను గుర్తెరుగును. ఆ చదరములోని నలుపు తెలుపుల వెడల్పు 1, 1, 3, 1, 1 అను పాళ్లలో నుండును. లోకములోని అచ్చు కాగితములలో అత్యల్పముగా కనిపించు నిష్పత్తి ఏదని వెదకి ఆయన దీనిని ఏరుకొనెను. సరిదిద్దుటకు వలసిన అదనపు సమాచారమును దాచుకొను నేర్పు దీనిలో నుండుటచేత, ముద్రలో గరిష్ఠముగా మూడింట ఒక వంతుకు కొంచెము తక్కువ భాగము చెరిగినను మిగిలినదానినుండి మొత్తమును రాబట్టవచ్చును. నీళ్లు చిలికి, ఎండకు వెలసి, ఆకుకూరల పసరు అంటిన పెద్దమ్మ అట్టముక్క పని చేయుచునే యుండుటకు రహస్యమిదే. చుక్కలను లెక్కపెట్టి ముగ్గు వేయు మన ఆడుబిడ్డలకు, కొన్ని చుక్కలు చెదరినను ముగ్గు ఏదో తెలియుట వింత కాదు. ఆ సంస్థ తనకున్న పేటెంటు హక్కును అడ్డుపెట్టక, దీనిని ఎల్లవారును వాడుకొనుటకు విడిచిపెట్టినది. ఆ ఔదార్యమే లేకున్నచో ఇది మన బజారులవరకు వచ్చియుండునా అని నాకు సందేహము.

2019 అక్టోబరులో యు.పి.ఐ. ద్వారా ఒక నెలలో జరిగిన చెల్లింపులు తొలిసారి 100 కోట్లు దాటినవి. 2023 ఆగస్టులో 1000 కోట్లును, 2025 ఆగస్టులో 2000 కోట్లును దాటినవి. వర్తకునినుండి రుసుము తీసికొనరాదను నిబంధన 2020 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చుట దీనికి దోహదము చేసినది. ఐదు రూపాయల టీ అమ్మువాడు, అందులో పైసా కోత పడినను దీనిని తన బండి దాపులకు రానీయడు.

ఈ మార్పు వలన కలిగిన మేలును తక్కువ చేసి చెప్పుట అన్యాయము. చిల్లర లేదని చేతిలో చాక్లెట్టు పెట్టు దుకాణములును, చిల్లరకై ఆటోవానితో తగవులాడు ప్రయాణికులును క్రమముగా కనుమరుగగుచున్నారు. శ్రీకాకుళమునుండి హైదరాబాదునకు తాపీపనికి వచ్చిన యువకుడొకడు మా వీధిలో ఇల్లు కట్టినప్పుడు నాకు పరిచితుడయ్యెను. అతని తండ్రియు ఇదే పని చేసినవాడే. ఆయన మూడు నెలల కూలిని గుడ్డలో చుట్టి నడుమునకు బిగించుకొని, రైలులో రాత్రంతయు కన్ను మూయక, ఊరు చేరినదాక ప్రాణములు అరచేత పెట్టుకొని ప్రయాణము చేసెడివాడట. కొడుకు సాయంకాలము కూలి అందగనే, ఇటుకల గుట్టపై కూర్చుండి, భార్యకు ఐదువందలు పంపుచున్నాడు. ఆమె రాత్రి వంట మొదలిడక మునుపే సొమ్ము చేరుచున్నది. “పడ్డాయా?” అని అతడడుగును, “పడ్డాయి” అని ఆమె చెప్పును, ఆ పిమ్మట ఇరువురును వీడియోలో పిల్లవాని ముఖము చూపుకొని మాటాడుకొందురు. గల్ఫు దేశములలో నున్న మన కరీంనగరము, నిజామాబాదు వారికిని, అమెరికా, ఆస్ట్రేలియాలలో నున్న బిడ్డలకును, తమ అక్కడి ఫోను నంబరుతోనే ఇక్కడి ఖాతాను నడుపు వీలు 2023నుండి క్రమముగా కల్పింపబడినది. సొమ్ము తన పేరిటి ఖాతాలో పడుట మొదలైనప్పటినుండి, ఇంటి ఖర్చును గూర్చి అత్తమామలను అడుగవలసిన పని తప్పినదని ఆ యువకుని భార్య నాతో చెప్పినప్పుడు, ఈ యంత్రము చేసిన మేలు నాకు అంకెలకంటె స్పష్టముగా తెలిసినది.

అయితే అది పలుకని రాత్రి యొకటి నాకును అనుభవమునకు వచ్చినది. ఇంటిలో పెద్దవారికి ఊపిరి ఆడక, వైద్యుడు వ్రాసిన మందుకై రాత్రి పదకొండు గంటలకు మందుల దుకాణమునకు పరుగెత్తితిని. వెయ్యిన్ని నూరు రూపాయలు పంపితిని. నా ఖాతానుండి సొమ్ము పోయినట్లు సందేశము వచ్చినది. దుకాణదారునికి మాత్రము రాలేదు. ఫోను తెరపై చక్రము తిరుగుచునే యున్నది. జేబులో నోటు లేదు. నోటు పెట్టుకొను అలవాటు తప్పి రెండేండ్లయినది. నేను ఫోనును అతనికి చూపుచు, అబద్ధమాడినవానివలె చెమటలు గ్రక్కుచు నిలువబడితిని. అతడొక్క క్షణము నా ముఖమును చూచి, మందు పొట్లమును నా చేతిలో పెట్టి, “ముందు మీరెళ్లండి సార్, అది రేపైనా వస్తుంది” అనెను. మరునాడు బ్యాంకునకు వెళ్లగా, అక్కడివారు ఫోనులోనే ఫిర్యాదు పెట్టవలెననిరి. ఫోనులో పెట్టగా, మీ ఫిర్యాదు అందినదను సందేశము తక్క మరి మాట లేదు. సొమ్ము నాలుగవనాడు తిరిగివచ్చినది.

నావలె ఇబ్బంది పడినవారు చాలమంది యుందురు గావున, ఎల్లరును ఎరుగవలసిన నిబంధన యొకటి కలదు. రిజర్వుబ్యాంకు 2019 సెప్టెంబరులో జారీచేసిన ఉత్తర్వు ప్రకారము, ఒక వ్యక్తికి పంపిన సొమ్ము మన ఖాతాలో తగ్గి వారికి చేరనిచో మరుసటి దినముననే తిరిగి జమ కావలెను. దుకాణమునకు చెల్లించినది ఖాయము కానిచో ఐదు దినములలో తిరిగి రావలెను. గడువు దాటిన ప్రతి దినమునకును ఖాతాదారునికి 100 రూపాయల చొప్పున పరిహారము, అతడు అడుగకయే చెల్లింపవలెను. మంచి నిబంధనయే. కాని ఆ రాత్రి నాకు మందు లభించుట ఆ నిబంధనవలన కాదు. నా ముఖము చూచి నమ్మిన మనుష్యునివలన. నేను ఆ వీధిలో ఇరువది యేండ్లుగా తెలిసినవాడను గనుక నమ్మినాడు. కొత్తగా ఊరికి వచ్చిన కూలివానిని అట్లు నమ్మునా?

యంత్రసాక్షిని లొంగదీసి మోసము చేయువారి కథలు పత్రికలలో నిత్యము చదువుచున్నాము. వారి విద్యలో సాంకేతిక నైపుణ్యము పాలు స్వల్పము. మనుష్యుని భయమును, ఆశను ఎరుగుటయే అధికము. “మీకు డబ్బు పంపుతున్నాము, పిన్ నొక్కి తీసుకోండి” అని నమ్మించి, సొమ్ము అడుగు అభ్యర్థనను పంపి, పిన్ నొక్కగనే ఖాతాను ఊడ్చు పద్ధతికి లోబడి పలువురు నష్టపోయిరి. పిన్ నొక్కుట ఇచ్చుటకు మాత్రమే. పుచ్చుకొనుటకు ఎన్నడును పిన్ అక్కరలేదను ఒక్క సంగతి తెలిసియున్నచో ఆ ఇండ్లు నిలిచియుండెడివి. వ్యక్తులు వ్యక్తులకు పంపు అట్టి అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుండి నిలిపివేసిరి. పోలీసు దుస్తులతో వీడియోలో ప్రత్యక్షమై, “మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు” అని వృద్ధులను గంటలతరబడి గదిలో బంధించి దోచుకొను దుర్మార్గము మరియొకటి. మన చట్టములో అట్టి అరెస్టు లేనే లేదు.

వీనియన్నిటిలోను నన్ను మిక్కిలి కలచివేసినది అప్పుల యాప్‌ల ఉదంతము. కోవిడ్ కాలమున పనులు పోయిన యువకులకు, ఐదు నిమిషములలో ఐదువేలు అని ఆశ చూపి, ఫోనులోని పేర్ల పట్టికను, ఫోటోలను ముందుగానే కాజేసి, వారములో వడ్డీతో చెల్లింపనివారి పరువును బంధుమిత్రులందరి యెదుట బజారుకీడ్చిరి. ఆ వేధింపులకు తాళలేక తెలంగాణములో కొందరు ప్రాణములు తీసికొనగా, 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు ఆ ముఠాలపై కేసులు పెట్టి పలువురిని నిర్బంధించిరి. ఋణములిచ్చు యాప్‌లు ఫోనులోని పేర్ల పట్టికను, ఫోటోలను, కాల్ వివరములను తాకరాదని రిజర్వుబ్యాంకు 2022 సెప్టెంబరులో ఉత్తర్వు చేసినది. మునుపటి వడ్డీవ్యాపారి కఠినుడైనను, ఊరివారి కన్నులకు వెరచెడివాడు. ఈ ముఖము లేని ఋణదాతకు వెరపెక్కడిది? ఇట్టి మోసములలో సొమ్ము పోయినట్లు తెలిసిన తక్షణమే, సైబరు నేరములను తెలుపుటకు ఉన్న 1930 అను నంబరునకు ఫోను చేయుట మేలు. అపహరించిన సొమ్ము ఖాతానుండి ఖాతాకు గంతులు వేయుచు పోవునది గనుక, తొలి గంటలలో తెలిపినచో దానిని మధ్యలో ఎక్కడనో స్తంభింపజేయు అవకాశము కలదు. సిగ్గుపడి రెండు దినములు ఎవరికిని చెప్పక యూరకుండుటయే దొంగకు వలసినది.

ఇంతవరకు చెప్పినది ఫోను గలవారి గోడు. ఫోను లేనివారికి బొటనవ్రేలే ఫోను. మా నాయనమ్మ వ్రేలికి సిరా అద్దిన కాలము పోయి, అదే వ్రేలిని గాజుపలకపై నొత్తు కాలము వచ్చినది. 2010 సెప్టెంబరులో మహారాష్ట్రలోని టెంభ్లి గ్రామమున తొలి ఆధార్ సంఖ్యను ఇచ్చిన పిమ్మట, 2015నుండి ఆంధ్రప్రదేశములోని రేషను దుకాణములలో వ్రేలిముద్రను పోల్చు ఈ-పాస్ యంత్రములు నెలకొనినవి. చనిపోయినవారి పేర బియ్యము తీసికొనుట, కార్డుదారునకు తెలియకుండ అతని కోటాను అమ్ముకొనుట దీనివలన తగ్గినవి; దానిని కాదనువాడను కాను. కాని చర్మపు గీతలను నమ్ముకొన్న సాక్షికి, ఆ గీతలు అరిగిపోయినవారు కనిపింపరు. వరినాట్లు వేసినవారు, మిరపకాయలు కోసినవారు, సున్నపు పని, ఇటుకల పని చేసినవారు, ఇండ్లలో అంట్లు తోమినవారు, ముదుసలులు: ఎవరి చేతులు ఎక్కువ పాటుపడినవో వారి గీతలే ముందుగా చెరిగినవి. ఇంతకంటె బాధాకరమైన వైపరీత్యము నాకు తెలియదు.

ఈ విషయమున మన తెలుగునేల నుండియే నేర్వదగిన పాఠము కలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఉపాధి హామీ కూలిని, పింఛనులను వ్రేలిముద్ర గల స్మార్టుకార్డులతో చెల్లింప నారంభించినప్పుడు, కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అను అర్థశాస్త్రజ్ఞులు దానిని విపులముగా పరిశీలించిరి. కూలి త్వరగా అందినదనియు, నడుమ జారిపోవు సొమ్ము తగ్గినదనియు వారు కనుగొనిరి. అచ్చట కార్డు లేనివారికి, ముద్ర పడనివారికి మనుష్యుల చేతుల మీదుగా చెల్లించు దారిని పూర్తిగా మూసివేయలేదు. అదే పండితులు తరువాత జార్ఖండులోని రేషను విధానమును పరిశీలించినప్పుడు, ఆధార్ పోలిక తప్పనిసరి యగుటచేత, దానితో ముడిపడని కార్డులు గల న్యాయమైన హక్కుదారులు కొందరు బియ్యమును నష్టపోయిరని తేలినది. యంత్రము రెండుచోట్లను ఇంచుమించు ఒకటే. తేడా, ప్రక్కన తెరచియుంచిన తలుపు.

వ్రేలిముద్ర చెరిగిపోవుట ఒక కష్టమైనచో, దానిని దొంగిలించుట మరియొకటి. 2018లో పెద్దపల్లి జిల్లాలో, భూముల రిజిస్ట్రేషను పత్రములపై నున్న వ్రేలిముద్రలనుండి రబ్బరు నకళ్లు చేసి సిమ్‌కార్డులను తీసిన వైనము బయటపడినది. పిన్ పోయినచో మార్చుకొందుము. వ్రేలిని మార్చుకొనలేము గదా! ఆధార్ సంస్థవారి యాప్‌లో వ్రేలిముద్రకు తాళము వేసికొను సౌకర్యము ఉచితముగా కలదు. దానిని గూర్చి ఎవరికి వారే తెలిసికొనవలసి వచ్చుట విచారకరము. ఊరూర చాటింపు వేయదగిన సంగతి అది.

కొన్ని సంవత్సరముల క్రిందట, ప్రకాశం జిల్లాలోని ఒక గ్రామమున బంధువుల ఇంట నున్నప్పుడు, రేషను డిపో యెదుట ఒక ఉదయమంతయు కూర్చుండుట తటస్థించినది. వరుసలో డెబ్బదియైదేండ్లకు మించిన ముదుసలి యొకతె యుండెను. జీవితమంతయు పొగాకు పనులలో గడపిన ఆ చేతులు ముదురు తేనెరంగు తేరి, వ్రేళ్ల కొనలు నదిలో రాళ్లవలె నున్నగా నుండెను. డీలరు కొడుకు ఆమె బొటనవ్రేలిని తడిగుడ్డతో తుడిచి గాజుపై నొత్తెను, ఎఱ్ఱదీపము వెలిగినది. రెండవ చేతి బొటనవ్రేలు, ఎఱ్ఱదీపమే. చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలు వరుసగా ఒత్తించెను. అంతకు ముందు రెండు దినములుగా నిదే జరిగినదట.

“ఏలు పడటంలా అవ్వా” అని అతడు నెమ్మదిగా చెప్పెను.

“నా ఏలు నాదే గదరా అబ్బాయ్! పుట్టినకాడ నుంచీ ఈ ఊళ్లోనే ఉండానే. నేను కానంటదా అది?”

వరుసలో నున్నవారందరును ఆమెను ఎరిగినవారే. ఆమె ఫలానా యని చెప్పుటకు ఆ క్షణమున ఇరువదిమంది సాక్షులు అచట నిలిచియుండిరి. వారిలో నొక్కని మాటయు ఆ యంత్రమునకు వినిపింపదు. మా చిన్ననాట ఎదురింటి మాస్టారి సంతకము ఒక్కటి చాలెడిది. ఈనాడును చాలవలెనని నా మనవి. 2025 జూనునుండి ఆంధ్రప్రదేశములో అరువదియైదేండ్లు దాటినవారికిని, వికలాంగులకును రేషనును ఇంటికే తెచ్చియిచ్చు ఏర్పాటు మొదలైనదని విని సంతసించితిని.

ఆనాడు ఆ పిల్లవాడు మంచివాడు గనుక ఊరకుండక, లోపలికి పోయి కంటిపాపను చూచు మరియొక యంత్రమును తెచ్చెను. ఆమెకు ఒక కంట శుక్లము. రెండవ కంటిని తన వ్రేళ్లతోనే విప్పారదీసి, రెప్ప వాల్చక, నీరు కారుచున్నను తల కదల్పక ఆమె దానికెదురుగా నిలిచెను. మూడవ పర్యాయము పచ్చదీపము వెలిగినది. యంత్రమునుండి చిన్న కాగితపు ముక్క బయటికి వచ్చినది. అతడు బియ్యము కొలిచి సంచిలో పోసి, ఆ కాగితమును ఆమె చేతిలో పెట్టెను. ఆమె దానిని అటునిటు త్రిప్పి చూచి, మరల అతనికే చాచెను.

“ఏముంది నాయనా ఇందులో?”

అతడు సంచిని క్రింద దించి, కాగితమును వెలుతురునకు పట్టి, తేదీని, కార్డు సంఖ్యను, బియ్యము తూకమును వరుసగా చదివి వినిపించెను.

“నా పేరుందా?”

“ఉందవ్వా. ఇదిగో, ఈడుంది.”

అతడు చూపిన చోట ఆమె తన బొటనవ్రేలిని కొంతసేపు ఉంచి, కాగితమును నాలుగు మడతలు పెట్టి, కొంగున ముడివేసికొనెను.